నాటకానికి నాయన వస్తానన్నాడు

ఆ నాటకం మొదట పులివెందులలో ఆడింది. మరుసటి రోజుకల్లా జమ్మలమడుగులోని మా బడి స్టాఫ్‌రూంలో టీచర్లు రెండు జట్లుగా చీలిపోయారు. నిజానికి చూసినవాళ్లు ఇద్దరే, అభిప్రాయాలు మాత్రం అందరికీ ఉన్నాయి. లెక్కల సారు చివరిదాకా కూర్చున్నాడట, కళ్లనీళ్లు ఆగలేదన్నాడు. సైన్సు మేడమ్ సగంలో లేచి వచ్చేసిందట. "పెండ్లాం సమాధి రాయిని ఎవరన్నా నీళ్లు పోసుకునే జాలాడి బండ చేసుకుంటారా? వాళ్లు మనుషులేనా?" అని ఆమె అందరినీ అడుగుతుంటే నేను యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తలేదు. ఒకే పేపరును రెండుసార్లు దిద్దానని తర్వాత తెలిసింది.

ఆ రాయి మా అమ్మది.

నాటకం రాసింది మా బడిలోనే తెలుగు చెప్పే సారు. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వస్తాడు. వాళ్లది పురోహితుల కుటుంబం. తండ్రి మంత్రాలు చదివితే ఈయన కథలు చదివాడు, రాశాడు, బహుమతులు తెచ్చుకున్నాడు. మంచివాడే. ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినే మగవాడు మా బడిలో ఈయన ఒక్కడే. నా కొంప ముంచింది ఆ గుణమే.

మా ఊరు కొండాపురం దగ్గర ఉండేది. ఇప్పుడు గండికోట జలాశయం కింద ఉంది. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు మావాళ్లు ఒట్టి చేతులతో రాలేదు. ఇళ్లను విప్పుకొని వచ్చారు. తలుపులు, ద్వారబంధాలు, దూలాలు, గూటి పలకలు, నేలలో పరిచిన నాపరాళ్లు, ఇంటి వెనక స్నానాలకూ బట్టలకూ అంట్లకూ వాడే జాలాడి బండలు, అన్నీ ట్రాక్టర్లకు ఎక్కాయి. మా క్రైస్తవుల వాడలో ఇంకొకటి కూడా విప్పుకున్నాం. సమాధుల తోటలో రాళ్లు. కింద ఉన్నవాళ్లను తీసుకురాలేం కాబట్టి, వాళ్ల పేర్లు చెక్కిన కడప బండలను గడ్డపారలతో పెకిలించి తెచ్చుకున్నాం. మిగతా వీధులవాళ్లు చూసి నవ్వారు. మనుషుల్ని ఆడనే పెట్టి పలకలు తీసుకపోతాండారే అన్నారు. వాళ్లు నవ్వినా తప్పులేదు. మా ముత్తాతల నాడు దొరలు బాప్తిస్మంతో పాటు ఈ రాతి పిచ్చి కూడా నేర్పిపోయారు. పేరు రాతిమీద ఉంటేనే పోయిన మనిషి ఎక్కడో ఒకచోట ఉన్నట్టు మాకు.

అమ్మ పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆమె రాయిని మా నాయన ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. ట్రాక్టరులో దాని కింద పరుపు వేసి, పక్కన తను కూర్చొని వచ్చాడు. వాటి కింద పరుపు లేకపోవడం వల్ల మా జాలాడి బండలు మూడూ దారిలో పగిలిపోయాయి.

కొత్త కాలనీలో అన్నిటికీ గీతలు గీసి స్థలాలు చూపించారు. సమాధుల తోటకు మాత్రం తర్వాత చూద్దామన్నారు. దాంతో ఎవరి రాయిని వాళ్లు ఇంటి ముందరి గోడకు ఆనించి పెట్టుకున్నారు. మా ఇంటి ముందు అమ్మ నిలబడింది. ప్రభువునందు నిద్రించెను అన్న మాట, కింద ఆమె పేరు, ఆ కింద తేదీలు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు అది చదివి, ముఖం అదోలా పెట్టి, తర్వాత గడప దాటేవాళ్లు. నేను పెళ్లి చేసుకోలేదు, ఉద్యోగం చేసుకుంటూ నాయనతోనే ఉన్నాను. బడి నుంచి టీచర్లు కొత్త ఇల్లు చూడటానికి వస్తామన్నారు. నాకు సిగ్గేసింది. ఇంత చదువుకొని, ఇంటి ముందు సమాధి రాయి పెట్టుకున్న మనిషిగా కనపడటం నాకు ఇష్టం లేకపోయింది. ఇంకో పక్క జాలాడి ఉత్త బురదగా ఉంది, దానికి బండ కావాలి, మేస్త్రీకి ఆ ఒక్కరోజే తీరిక ఉంది.

ఆ రోజు నాయన ఇంట్లో లేడు. సమాధుల తోటకు స్థలం ఇప్పించమని అర్జీ పట్టుకొని కొండాపురం మండలాఫీసుకు పోయాడు. ఆయన మా చర్చిలో సంఘ పెద్ద. ఆ పని ఆయన మీద పడింది.

మేస్త్రీ రాయిని చూసి వెనక్కి తగ్గాడు. "అక్షరాలుండాయి కదమ్మా దీనిమింద," అన్నాడు.

"అక్షరాలు కిందికి పెట్టు. సిమెంటు బాగా వెయ్యి, కదలకూడదు," అన్నాను.

సాయంత్రం నాయన వచ్చి కాళ్లు కడుక్కోవడానికి ఇంటి వెనక్కి వెళ్లాడు. చాలాసేపు లోపలికి రాలేదు. వచ్చినప్పుడు కాళ్లకు దుమ్ము అలాగే ఉంది. "మీ అమ్మ యాడమ్మా?" అన్నాడు. రాయి యాడ అనలేదు.

"ఇప్పటికి అట్ల పెట్టినా నాయనా. స్థలం ఇయ్యంగానే తీద్దాం," అన్నాను.

ఆయన తల ఊపాడు. మర్నాటి నుంచి వెనక గోడ పక్కన మట్టిలో నిలబడి నీళ్లు పోసుకున్నాడు. నేను బండ మీదే పోసుకున్నాను. రెండేళ్లకు సమాధుల తోటకు స్థలం వచ్చింది. అందరూ తమ రాళ్లను తీసుకుపోయి వరసగా పాతారు, ప్రార్థన చేశారు. మా రాయి ఏదని అడిగినవాళ్లకు నాయన "దావలో పగిలిపాయ" అని చెప్పాడు. రాయి తవ్వి తీస్తే అన్నేళ్లు అది ఎక్కడుందో, ఎవరు వేశారో వాడంతా తెలిసిపోతుంది. నన్ను కాపాడటానికి ఆయన సంఘం ముందు అబద్ధం చెప్పాడు. జీవితంలో అదే మొదటిది అనుకుంటాను.

నేను మాత్రం ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలుగు సారుకు ఈ రాయి సంగతి చెప్పాను. మునిగిన ఊళ్ల గురించి ఆయన అడుగుతున్నాడు, నాకు గుండెలో బరువుగా ఉంది, చెబితే తగ్గుతుందనుకున్నాను. ఆయన అన్నం కలపడం ఆపేశాడు. "బోర్లా ఎవరు పెట్టినారు మేడమ్?" అన్నాడు. మా నాయన అన్నాను. ముందుగా అనుకొని అన్నది కాదు. నోట్లోంచి అలా వచ్చేసింది. వచ్చిన తర్వాత వెనక్కి తీసుకోవడానికి నాకు గంట సేపు టైము ఉంది, బెల్లు కొట్టేదాకా. తీసుకోలేదు. బెల్లు కొట్టాక ఏడో తరగతికి పోయి నదుల పాఠం చెప్పాను.

ఏడాది తర్వాత అది నాటకమైంది. సారు తన పని తాను చేశాడు. మా నాయనను తాగుబోతును చేశాడు. బోర్లా వేసిన రాయి జనానికి కనపడదు కదా, అందుకని అక్షరాలను పైకి తిప్పాడు. ఆ తాగుబోతు రోజూ పెళ్లాం పేరు మీద నిలబడి ఒళ్లు రుద్దుకుంటాడు. అతనికొక కూతురు ఉంది. ఆ పిల్ల బండ తొక్కదు. తండ్రి నిద్రపోయాక కూర్చొని పళ్లు తోముకునే బ్రష్షుతో అక్షరాల్లో పట్టిన పాచి తీస్తుంది. ఇవన్నీ నేను విన్నవే. పులివెందుల ప్రదర్శనకు రమ్మని సారు టికెట్టు ఇస్తే జ్వరమన్నాను. ప్రొద్దుటూరులో ఆడినప్పుడు చుట్టాలింట్లో నామకరణం అన్నాను. చూడాలని ఉంది. నా గురించి ఒకరు అంత మంచిగా రాస్తే చూడాలని ఎవరికి ఉండదు. చూడాలంటే భయంగానూ ఉంది.

ప్రొద్దుటూరులో పెద్ద గొడవే అయింది. బండ మీద నీళ్లు పోసుకునే సీను రాగానే ముందు వరసల్లో కొందరు లేచి అరుచుకుంటూ బయటికి పోయారు, వెనకవాళ్లు నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక పేపరు జిల్లా పేజీలో సీమ కన్నీటిని ఇంత నిజాయితీగా చూపిన నాటకం మరొకటి లేదని రాశారు. ఇంకో పత్రికలో ఒక విమర్శకుడు, నిర్వాసితుల మీద జాలి పేరుతో వాళ్లను అవమానించారని, ఊరు పోగొట్టుకున్న మనుషులు రాళ్లను అంత భద్రంగా తెచ్చుకొని అట్లా చేయరని, ఇది మేడ మీద కూర్చొని చేసిన కల్పన అని ఉతికి ఆరేశాడు. ఆయన చివరిలో ఒక మాట రాశాడు. ఆ కూతురు పాత్ర మరీ మంచిది, అలాంటి మనిషి ఎక్కడా ఉండదు అని. అన్నిట్లోకి నాకు ఆ ఒక్క వాక్యమే నచ్చింది. ఆ విమర్శకుడికి ఉత్తరం రాయాలనిపించింది. మీరు చెప్పింది అక్షరాలా నిజం, ఆ మనిషి లేదు, నన్ను అడగండి అని.

మా కాలనీలో గొడవ ఇంకో రకం. నాటకం రాసింది నేను పనిచేసే బడి సారేనని అందరికీ తెలుసు. కొత్త సమాధుల తోటలో లేని రాయి ఎవరిదో కూడా తెలుసు. రెండూ కలుపుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు నాటకాల జోలికి పోవద్దని చెప్పి, చెబుతూ చెబుతూ మా నాయన వైపు చూశారు. ముందు బెంచీలో కూర్చున్న నాయన బైబిలు మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాడు. "మీ సారు రాసిన నాటకంలో బండ ఉండాదంట గదమ్మా."

"ఉంది."

"ఎవురు ఏసినట్ల రాసినాడు?"

నేను పప్పు గిన్నె ఆయన ముందుకు జరిపాను. జరిపి "మొగుడు" అన్నాను.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకొని నిదానంగా నమిలాడు. కోపం లేదు ముఖంలో. ఉండి ఉంటే బాగుండేది. ఒక్క మాటైనా తిట్టి ఉంటే నేను ఏడ్చి, క్షమించమని అడిగి, ఆ తర్వాత సారు దగ్గరకు పోయేదాన్నేమో. ఆయన మజ్జిగ పోయించుకున్నాడు. "జమ్మలమడుగుకు ఎప్పుడొస్తాదంట?" అన్నాడు.

"నీకెందుకు నాయనా? నువ్వెప్పుడన్నా నాటకం చూసినావా?"

"చూడకపోతే ఏమి, ఏసినా గదా." క్రిస్మసుకు మా పాత ఊరి గుడిలో వేసే నాటికలో నాయనది ప్రతి ఏడూ సత్రం వాడి వేషం. మరియమ్మకు చోటు లేదు పొమ్మని తలుపు వేసేది ఆయనే. "ఒకేడు మీ అమ్మ కూడా ఇంటికొచ్చినాక నాతో మాట్లాడలే. నిండు గర్భిణిని పొమ్మంటావా అని. ఎవురో ఒకరు తలుపెయ్యల్ల గదమ్మా, లేకపోతే కత నడవదు," అని నవ్వాడు. "పోదాం. నువ్వు రాకున్నా నేను పోతా."

అప్పటిదాకా నాటకం చూడటమా మానటమా అన్నది నా ఒక్కదాని గొడవ. ఇప్పుడు అలా కాదు. నాయన వెళితే ఆ తాగుబోతును చూస్తాడు. కూతురు తన గురించి ఏం చెప్పిందో నోటితో అడగకుండా మొత్తం తెలుసుకుంటాడు. ఇంకా పెద్ద భయం, అక్కడ నాటకం అయ్యాక చర్చ పెడతారు. నాయన లేచి నిజం చెబితే, రాయి వేసింది నా బిడ్డ అంటే, నేను మళ్లీ స్టాఫ్‌రూంలో ఎలా కూర్చోవాలి? వాడలో ఎలా నడవాలి? ఈ రెండు భయాల్లో మొదటిదే పెద్దదని ఇక్కడ రాయాలని ఉంది. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది రెండోది.

మొదట సారుకు నిజం చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. ఒక శనివారం ప్రొద్దుటూరు బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఆయన చిక్కిపోయి ఉన్నాడు. విమర్శలు బాగా తగిలినట్టున్నాయి. "అంతా కల్పన అంటాండారు మేడమ్. మీ పేరు చెప్పలేను, చెప్పకపోతే ఎవురూ నమ్మరు. జమ్మలమడుగులో మీరొచ్చి ఒక్కమాట చెప్తే చాలు, ఇది మా ఇంట్లో జరిగిందని," అన్నాడు.

"సార్, ఒకవేళ ఆ రాయి వేసింది తండ్రి కాకుండా కూతురైతే?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. ఆ చూపు నాటకం రాసేవాడిది. నా గురించి ఆలోచించడం లేదు, సీను గురించి ఆలోచిస్తున్నాడు. "కాదు మేడమ్. తాగుబోతు చేసినాడంటే జనం తిట్టుకుంటారు, ఏడుస్తారు. చదువుకున్న కూతురు, తెలివిలో ఉండి, తల్లి రాయిని బోర్లా ఏయించిందంటే జనం మొగాన ఊంచుతారు. ఇంక నాటకం యాడుంటుంది? అంత కటువు మన జనం తట్టుకోలేరు," అన్నాడు.

కాఫీ తాగాను. కాఫీ బాగుందని ఆయన భార్యతో చెప్పాను కూడా. తిరుగు బస్సులో ఒక్కటి మాత్రం తేలిపోయింది. నేను నాటకానికి వెళ్తాను. నాయనకు తోడుగా వెళ్తున్నానని బడిలో చెప్పాను. ఇప్పుడు దాచడం దేనికి, కాపలాగా వెళ్లాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. నాయన ఆరాధనకు కట్టుకున్న తెల్లపంచెతోనే వచ్చాడు. పాస్టరుగారు వద్దన్నందువల్ల మా కాలనీ నుంచి ఎవరూ రారనుకున్నాను. ముప్పై మంది దాకా వచ్చారు. వద్దనకపోయి ఉంటే పదిమంది కూడా వచ్చేవాళ్లు కాదు. పెద్దముడియం వైపు నుంచి రైతులు వచ్చారు, ప్రొద్దుటూరు నుంచి ఆ విమర్శకుడు కూడా వచ్చాడు. మా లెక్కల సారు మాకు నాలుగో వరసలో కుర్చీలు పట్టి ఉంచాడు.

నాటకం బాగుంది. చెప్పడానికి కష్టంగా ఉంది గానీ బాగుంది. తాగుబోతు వేషం వేసినతను నడిచే తీరులో మా నాయన పోలిక ఒక్కటీ లేదు. దానికి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. బండ సీను వచ్చింది. నీళ్ల చప్పుడు మైకులో వినిపించారు. మా వెనక ఒకామె వాడి చేతులు పడిపోవ అని తిట్టింది. నాయన కదలకుండా చూస్తున్నాడు. ఆ తర్వాత కూతురు వచ్చి కూర్చొని బ్రష్షుతో అక్షరాలు తోముతుంటే హాలంతా ముక్కులు చీదుకునే శబ్దం.

నాయన నా వైపు వంగి చిన్నగా అడిగాడు. "ఆ పిల్ల నువ్వేనా?"

"అట్ల రాసినారు."

"బాగా చేస్తాండాది," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడవడం ఆయనకు రాదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

అయ్యాక చర్చ. సారు వేదిక మీద నిలబడ్డాడు. మా కాలనీ యువకుడొకడు మైకు అడక్కుండానే లేచాడు. "మేము ఇండ్లు పోగొట్టుకున్నాం, భూములు పోగొట్టుకున్నాం. మా సచ్చినోళ్లను మేము తొక్కలేదు. ఇట్ల ఎవురు చేసినారో చూపించు. నువ్వు చూసినావా?" అన్నాడు. ఆ వెనకే విమర్శకుడు లేచి, కల్పనను వాస్తవమని అమ్ముకోవడం ఈ కాలపు జబ్బు అని నెమ్మదిగా, తియ్యగా అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కూర్చోమని అరిచారు. సారు మైకు దగ్గరికి జరిగాడు. "ఇది జరిగినదే. చెప్పగలిగినోళ్లు ఈ హాల్లోనే ఉండారు. వాళ్లకు ఇష్టమైతే చెప్తారు," అంటూ నాలుగో వరసకేసి చూశాడు. లెక్కల సారు, సైన్సు మేడమ్, అందరూ నాకేసి చూశారు.

నేను ఒళ్లో ఉన్న హ్యాండ్‌బ్యాగు జిప్పు చూసుకుంటున్నాను.

పక్కన కుర్చీ కిర్రుమంది. నాయన లేచాడు. ఆయన చేతిని పట్టుకొని కూర్చోబెట్టాలని చూశాను, ఆ సంగతి కూడా రాయాలి. ఆయన నా చెయ్యి మెల్లగా తీసి నా ఒళ్లోనే పెట్టాడు. మైకు తెచ్చిస్తే వద్దన్నాడు. సంఘంలో లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు మావాళ్లు చెప్పే తీరులోనే మొదలుపెట్టాడు. ముందు తన పేరు చెప్పాడు. తర్వాత తన తండ్రి పేరు. తర్వాత నీళ్ల కింద ఉన్న మా ఊరి పేరు.

"ఆ బండ మా ఇంట్లో ఉండాది. ఏసింది నేనే," అన్నాడు. "పగిలిపాయ అని సంఘంలో చెప్పినా. అది అబద్ధం. కానీ తాగి ఏసినట్ల చూపించినారు, నాకు ఆ అలవాటు లేదు. అదొక్కటి మార్చుకోండి సారూ. మిగతాదంతా సరిగ్గానే ఉండాది. నా బిడ్డ బాగా బాధపడింది. అది కూడా నిజమే." కూర్చున్నాడు.

తర్వాత వెనక నుంచి ఒకామె థూ అంది. అది ఎవరి గొంతో నాకు తెలుసు. మా ఎదురింటామె, పండగలకు మా ఇంటికి భోజనం పంపే మనిషి. అప్పుడైనా నేను లేవవచ్చు. లేచి ఒక్క వాక్యం చెబితే చాలు. కాళ్లు రాలేదు అని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. కాళ్లు బాగానే ఉన్నాయి. సభ అయిపోగానే అందరికంటే ముందు లేచి బయటికి నడిచింది ఆ కాళ్లతోనే.

ఆటోలో నాయన "ఆకలైతాందమ్మా" అన్నాడు. ఇంటికి పోయి ఉప్మా చేశాను. తిన్నాడు. ఎందుకట్ల చెప్పినావు నాయనా అని నేను అడగలేదు. అడిగితే ఆయన సమాధానం చెబుతాడు, ఆ సమాధానం నేను వినాలి.

మరుసటి ఆదివారం పాస్టరుగారు ఇంటికి వచ్చి సంఘ పెద్ద పనినుంచి కొన్నాళ్లు తప్పుకుంటే బాగుంటుందన్నారు. మంచిగానే చెప్పారు. నాయన గుడి తాళంచెవులు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఇప్పుడు వెనక బెంచీలో, చెప్పుల దగ్గర కూర్చుంటాడు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల రోజున లేచి ముందుకు పోడు. నేను పోతాను. పోకపోతే ఎందుకు పోలేదని అడుగుతారు. రొట్టె తీసుకునేటప్పుడు వెనక్కి తిరిగి చూడను.

విమర్శకుడు తన మాట వెనక్కి తీసుకుంటూ పెద్ద వ్యాసం రాశాడు. ఒక వృద్ధుడి సాహసమైన ఒప్పుకోలు గురించి రెండు పేరాలు, ఆ తండ్రిని ఇన్నేళ్లు భరించిన కూతురి ఔన్నత్యం గురించి మూడు పేరాలు. కూతురు పాత్ర గురించి తాను తొందరపడ్డానని కూడా రాశాడు. నాకు మిగిలిన ఒక్క నిజమైన విమర్శకుడూ అట్లా పోయాడు. సారు తాగే సీన్లు తీసేశాడు. తీసేశాక నాటకం ఇంకా బాగుందట. తెలివిలో ఉన్న తండ్రి చేశాడంటే జనం ఇంకా ఎక్కువ తిడుతున్నారట. పులివెందులలో మళ్లీ ఆడినప్పుడు నన్ను పిలిచి వేదిక మీద శాలువా కప్పారు. రానని చెప్పవచ్చు. వెళ్లాను. ఆ శాలువా బీరువాలో ఉంది, ఒక్కసారి కూడా వాడలేదు. వాడకపోవడం గొప్పేమీ కాదు, కప్పించుకున్నాక.

మా ఎదురింటామె ఇప్పుడు నాయనతో మాట్లాడదు. నాతో మాట్లాడుతుంది. ఎట్ల ఓర్చుకుంటివి తల్లీ అని నా చెయ్యి పట్టుకుంటుంది. నేను పట్టుకోనిస్తాను.

నాయన ఇంకా మట్టిలో నిలబడే నీళ్లు పోసుకుంటున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. జారుతుందని భయంగా ఉంది నాయనా, బండ మీదికి రా అని మొన్న అన్నాను. ఆయన మట్టిలోనే నిలబడి చెంబు ముంచుకున్నాడు. ఆ రాత్రి కూర్చొని ఇది మొదలుపెట్టాను. ఈసారి దాచకుండా రాయాలనుకున్నాను, రాశాను. చదివితే ఒకటి కనపడింది. ఆ హాల్లో మా నాయన తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పి మరీ నా అబద్ధాన్ని తన మీద వేసుకున్నాడు. నేను ఇన్ని పేజీల నిజం రాశాను. ఎక్కడా నా పేరు పెట్టలేదు.